తంపారాకా, రంభకా? పిల్లలతో వెళ్లేవారికి

ఒడిశాలోని బరంపురంలో మనవాళ్లు ఆదివారం నీటి ఒడ్డుకు వెళ్దామంటే రెండు పేర్లు వినిపిస్తాయి: ఛత్రపురం పక్కనున్న తంపారా, చిలికా సరస్సు దక్షిణపు కొసనున్న రంభ. రెండూ అంతర్జాతీయ ప్రాధాన్యమున్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలోవే. చిలికాకు ఆ గుర్తింపు 1981లో, తంపారాకు 2021లో వచ్చింది.

తంపారా మంచినీటి సరస్సు, చిన్నది, ఊరికి దగ్గర. చిన్నపిల్లలుంటే నా ఓటు దీనికే. అయితే నీళ్లు నెమ్మదిగా ఉన్నాయని ఒడ్డున దిగి ఈదొద్దు. అడుగున లోతెంతో, నాచెంతో పైనుంచి తెలియదు.

రంభ సంగతి వేరు. చిలికా వెయ్యి చదరపు కిలోమీటర్లు దాటిన ఉప్పునీటి సరస్సు. దీవులవైపు వెళ్లే పడవకు ఒడ్డు త్వరగా అందదు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం దాటితే కాలబైశాఖి గాలివాన చెప్పాపెట్టకుండా విరుచుకుపడుతుంది. అప్పుడు అలల మీద పెద్దవాళ్లకే టెన్షన్. కాబట్టి చలికాలంలో, ఉదయం పూట వెళ్లండి. వలస పక్షులూ అప్పుడే కనిపిస్తాయి.

ఎక్కడైనా లైఫ్ జాకెట్ మాత్రం పిల్లల సైజుదే అడగండి. పెద్దలది తొడిగితే నీళ్లలో పడ్డప్పుడు అది తల మీదుగా జారిపోతుంది. చిన్న సైజు లేదంటే పడవ ఎక్కించకండి, పిల్లలు ఎంత మారాం చేసినా సరే.