సొవావే క్లాసికో: పక్కన పళ్లెం ఉంటేనే రుచి

సొవావే అనే ఇటలీ తెల్ల వైన్‌ని ఉత్తినే గ్లాసులో పోసుకుని తాగితే చప్పగా ఉందనిపిస్తుంది. వెరోనాలో ఉంటూ ఏళ్ల తరబడి ఇంట్లో ఇదే తాగుతున్నా ఈ మాట మాత్రం మార్చుకోను. పక్కన తిండి పెట్టుకుంటే కథ వేరు.

సొవావే అనేది అసలు వెరోనాకి తూర్పున, కోట కింద ఉన్న చిన్న ఊరి పేరు. ఆ ఊరివీ, పక్కనున్న మోంతెఫోర్తె దాల్పోనెవీ కొండ తోటలే ఈ వైన్‌కి పాత ఇలాకా. లేబుల్ మీద ‘క్లాసికో’ అని ఉంటే ద్రాక్ష అక్కడిదే. లేకపోతే కింది మైదానాలది కావచ్చు. ఇందులో కనీసం 70 శాతం గర్గానెగా ద్రాక్ష ఉండాలి. ఆ తీగని దాని ఇష్టానికి వదిలేస్తే విరగకాస్తుంది, వైన్ పలచబడుతుంది. సొవావేకి ఒకప్పుడు చెడ్డపేరు వచ్చింది ఇలాగే. సూపర్‌మార్కెట్లో చవగ్గా దొరికే సీసాల్లో ఇప్పటికీ ఆ నీళ్లతనం తగులుతుంది. నాలుగు యూరోలు ఎక్కువైనా క్లాసికోనే కొనండి.

కొండల మీద చాలాచోట్ల తీగలు ఇంకా పందిరి మీదే పాకుతాయి. నేల కొంత నల్లటి అగ్నిపర్వత రాయి, కొంత సున్నపురాయి. గ్లాసులో ముందు నిమ్మతొక్క, బేరిపండు, తెల్లపూల వాసన వస్తాయి. మింగాక నాలుక మీద సన్నటి చేదు మిగులుతుంది, బాదంపప్పు తొక్క కొరికినట్టు. నేను కొనేదే ఆ చేదు కోసం.

దీనికి అసలైన జోడీ రీజీ ఎ బీజీ. ఏప్రిల్ 25న సెయింట్ మార్క్ పండుగకి వెనిస్‌లో వండుకునే బఠానీల అన్నం ఇది. బఠానీ తొక్కల్ని పారేయకుండా ఉడకబెట్టి, ఆ నీళ్లలోనే బియ్యం ఉడికిస్తారు. నేను వెరోనా దక్షిణాన పండే వియాలోనె నానో బియ్యం వాడతాను. ఉల్లిపాయ, పంది మాంసం ముక్కలు, చివర్లో వెన్న, చీజ్. గట్టిపడకుండా జారుగా దించాలి. లేత బఠానీల తీపి, వెన్న జిడ్డు నోట్లో పేరుకునేలోపు ఒక గుక్క తాగితే పులుపు వెన్నని కడిగేస్తుంది, చేదు తీపికి అడ్డం పడుతుంది. రెండో ముద్ద మొదటి ముద్దలాగే ఉంటుంది.

ఎండు కాడ్ చేపని నానబెట్టి, ఉడికించి, నూనె పోస్తూ చిలికే బక్కలా మంతెకాతోతో కూడా బాగుంటుంది. పక్కన మొక్కజొన్న సంకటి, అదే పొలెంతా, ఉండాలి. ఉడికించిన గుడ్డుతో తెల్ల ఆస్పరాగస్ పెట్టినా సరే. సార్డీన్ చేపల్ని వేయించి వెనిగర్, ఉల్లిపాయల్లో ఊరబెట్టే సార్దె ఇన్ సావోర్‌తో చాలామంది తాగుతారు గానీ, వెనిగర్ ఘాటుకి వైన్ వెనకబడుతుందని నా లెక్క.

మన వంటలా? చింతపండు, ఎండుమిర్చి తగిలాయంటే వైన్ ఆచూకీ ఉండదు. చేపల పులుసు రోజు సీసా ముట్టను. కారం తక్కువ వేసిన రొయ్యల వేపుడుకీ, కొబ్బరి అన్నానికీ ఫరవాలేదు.

ఫ్రిజ్‌లోంచి తీసి ఓ ఇరవై నిమిషాలు బయట ఉంచండి. మరీ చల్లగా తాగితే వాసనే రాదు. హోటళ్లలో ఐసు బకెట్లో ముంచి తెస్తారు, నేనైతే తీసి బల్ల మీద పెట్టించుకుంటాను.

కాస్త ఖర్చు పెట్టగలిగితే పియెరోపాన్ అనే సొవావే తయారీదారుల కల్వరీనో చూడండి. 1971 నుంచి ఒకే తోట పేరుతో వస్తోంది, కొన్నేళ్లు దాచినా బాగుంటుంది. అదే ద్రాక్షని ఆరబెట్టి చేసే ‘రెచోతో’ అనే తియ్యటి వైన్‌ని మాత్రం క్రిస్మస్‌కి పండోరో కేకుతో ఇస్తారు. తీపి మీద తీపి నాకు పడదు, బంధువులొస్తే తీస్తాను.