కొత్త వెబ్‌సైట్ క్లయింటుకి గూగుల్ ఫామ్ పంపితే పనవుతుందా? అయిదుకి మూడున్నర

వెబ్‌సైట్ చేసే ముందు క్లయింటు నుంచి కావలసిన వివరాలు రాబట్టడానికి డిజైనర్లు గూగుల్ ఫామ్ పంపుతుంటారు. అందులో ఫైల్ అప్‌లోడ్ ప్రశ్న ఒక్కటి పెట్టారంటే ఫామ్ మొత్తానికి తాళం పడినట్టే. గూగుల్ అకౌంటుతో సైన్ ఇన్ అయితే తప్ప నింపేవాళ్లకి మొదటి ప్రశ్న కూడా కనపడదు. పాలకొల్లులో కొట్టు నడిపే పెద్దాయన ఫోన్లో జీమెయిల్ ఉంటుంది గానీ, అది ఫోను కొన్నరోజు షాపు కుర్రాడు తెరిచింది. పాస్‌వర్డ్ ఆ కుర్రాడికే తెలియాలి. లింకు నొక్కగానే లాగిన్ అడిగితే "ఏదో రావట్లేదండి" అని ఫోను పక్కన పెట్టేస్తారు. పైగా అలా వచ్చే ఫైళ్లన్నీ ఫామ్ తయారుచేసినవాళ్ల డ్రైవ్‌లోనే పడతాయి. ఉచిత అకౌంటుకి ఉండేదే 15 జీబీ, అందులోనే జీమెయిల్, ఫొటోలూ. అది నిండితే మెయిళ్లు రావడం కూడా ఆగిపోతుంది.

ఉచితంగా వచ్చే ఈ ఫామ్‌కి ఒకటిన్నర మార్కు తగ్గించింది ప్రధానంగా ఇందుకే. అప్‌లోడ్ ప్రశ్న తీసేసి, ఫొటోలు వాట్సాప్‌లో "డాక్యుమెంట్"గా పంపమనడం మేలు. మామూలు ఫొటోగా పంపితే వాట్సాప్ దాన్ని కుదించేస్తుంది, సైట్ పైభాగంలో పెద్దదిగా పెట్టేసరికి మసకబారుతుంది.

మిగతా పనికి మాత్రం ఫామ్ బాగా పనికొస్తుంది. జవాబును బట్టి వేరే సెక్షన్‌కి పంపే వసతి దీని బలం. మల్టిపుల్ చాయిస్‌కీ డ్రాప్‌డౌన్‌కీ మాత్రమే ఉంది, చెక్‌బాక్సులకి లేదు. మొదటి ప్రశ్నగా "ఏ వ్యాపారం?" అని అడిగి అక్కడి నుంచి దారులు చీల్చాలి. కడియం నర్సరీ అయితే మొక్క పేరు తెలుగులోనా, శాస్త్రీయ నామంతోనా, ధర కవరు సైజును బట్టా, ఎత్తును బట్టా, కనీసం ఎంత ఆర్డరుంటే లోడు పంపుతారు అన్నవి చాలు. భీమవరం వైపు రొయ్యల వ్యాపారమైతే అడగాల్సిన అసలు ప్రశ్న ఒక్కటే: కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) వారీ రేట్లు రోజూ మార్చేది ఎవరు? ఆ గడిలో ఓ మనిషి పేరు రాకపోతే రేట్ల పేజీ పెట్టకండి. 50 కౌంటుకి పోయిన నెల రేటు సైట్లో కనపడితే రైతు ఫోన్ చేసి గొడవపడతాడు.

ఆత్రేయపురం పూతరేకులకి ఇంకొంచెం లోతుకి వెళ్లాలి. బెల్లమా పంచదారా, పెట్టెకి ఎన్ని, ఎన్ని రోజులు నిలవ ఉంటాయి, ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత) లైసెన్సు నంబరు ఏమిటి. ఈ నంబరుకి 14 అంకెలుంటాయి, కాబట్టి రెస్పాన్స్ వ్యాలిడేషన్‌లో (జవాబు సరైన తీరులో ఉందో లేదో ఫామే చూసుకునే సెట్టింగు) సరిగ్గా 14 ఉంటేనే తీసుకునేలా కట్టుదిట్టం చేయొచ్చు. జీఎస్టీ నంబరుకైతే 15 అక్షరాలు. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది కదా అని ఆ లోగో ప్రతి సైట్లోనూ అతికించకూడదు. ఆ గుర్తింపు వాడుకోవడానికి అధీకృత వినియోగదారుగా నమోదయ్యారా అన్నది విడిగా అడగాలి. ఆన్‌లైన్‌లో డబ్బు కట్టించుకోవాలంటే పేమెంట్ గేట్‌వేవాళ్లు (ఆన్‌లైన్ చెల్లింపులు నడిపే సంస్థలు) రీఫండ్, డెలివరీ, ప్రైవసీ, షరతుల పేజీలు చూస్తారు. విరిగిపోయిన పూతరేకులకి డబ్బు వెనక్కిస్తారా లేదా అన్నది ఫామ్ నింపించే రోజే తేల్చుకుంటే చివర్లో పని ఆగదు.

లోగో గురించి ఫామ్‌లో ఒక్క ప్రశ్న చాలదు. "లోగో ఉందా?" అంటే అందరూ ఉందనే అంటారు. చేతికొచ్చేది ఫ్లెక్సీ ఫొటో. "ఫ్లెక్సీ ఎక్కడ వేయించారు, ఆ షాపులో కోరల్‌డ్రా ఫైలు ఉందా?" అని అడగాలి. కోరల్‌డ్రా అంటే ఫ్లెక్సీ డిజైన్ చేసే సాఫ్ట్‌వేర్. ఫైలు దొరికితే అక్షరాలన్నీ కర్వ్స్‌గా (ఫాంటుతో పనిలేని గీతలుగా) మార్చి పీడీఎఫ్‌గానో ఎస్‌వీజీగానో ఇమ్మనాలి. అలా మార్చకపోతే డీటీపీవాళ్లు వాడే అను ఫాంట్‌లో ఉన్న వ్యాపారం పేరు మన కంప్యూటర్లో పిచ్చి ఇంగ్లీషు అక్షరాలుగా తెరుచుకుంటుంది. రంగూ అంతే. ప్రింటుకి సీఎంవైకేలో (అచ్చు సిరాల రంగుల పద్ధతి) కలిపిన ఆకుపచ్చ తెరమీద వేరుగా కనపడుతుంది, కాబట్టి క్లయింటు ఫోన్లోనే చూపించి ఖాయం చేసుకోవాలి.

తెలుగు మేటరుకీ ఇదే తంటా. "మేటర్ ఫోన్లో టైపు చేశారా, డీటీపీ సెంటర్లో చేయించారా?" అన్న ప్రశ్న తప్పనిసరి. డీటీపీ అంటే చాలావరకు యూనికోడ్ (ఏ ఫోన్లోనైనా తెలుగుగానే కనపడే అక్షరాల పద్ధతి) కాదు, కన్వర్టర్లో వేసి మార్చాలి. మార్చాక ఒత్తులు, అంకెలు, విరామచిహ్నాలు ఒక్కొక్కటే సరిచూసుకోవాలి. ఆ గంటలు ఎస్టిమేటులో లేకపోతే నష్టం డిజైనరుదే.

డొమైన్ (సైటు చిరునామా పేరు) ఉందా అన్న ప్రశ్నకి మూడు జవాబులు పెట్టండి: నా మెయిల్ మీద ఉంది, ఉంది గానీ ఎవరి మీదో తెలీదు, లేదు. రెండోది టిక్ పెట్టినవాళ్లతో ఆ రోజే మాట్లాడాలి. పాస్‌వర్డులు మాత్రం ఫామ్‌లో ఎప్పుడూ అడగకండి, జవాబుల షీటు పంచుకున్న ప్రతివాళ్లకీ కనపడతాయి. కొత్తగా కొనేటప్పుడు క్లయింటు మెయిల్ మీదే కొనాలి. కొనేముందు ఇంకో మాట కూడా అడగాలి: న్యూమరాలజీ చూపించి పేరులో అక్షరం మార్చే ఆలోచన ఉందా? నవ్వులాటకి కాదు. డొమైన్ కొన్నాక స్పెల్లింగు మారితే కట్టిన డబ్బు మామూలుగా వెనక్కి రాదు, కొత్త పేరు మళ్లీ కొనాల్సిందే. ఓపెనింగ్ తేదీ గడిలో "మూఢం, ఆషాఢం చూసుకుని" అని ముందే రాసి పెట్టడం కూడా ఇలాగే పనికొస్తుంది.

ఎర్ర నక్షత్రం గుర్తున్న తప్పనిసరి ప్రశ్నలు అయిదు మించితే "తర్వాత చెప్తా" అని గడి నింపేసి పంపుతారు. మొత్తం పన్నెండు చాలు. వీలైతే లింకు పంపడం మానేసి, కొట్లో పక్కన కూర్చుని మీరే నింపండి. నర్సరీవాళ్లని తొలకరి రోజుల్లో కదపకండి, ఊపిరి సలపదు వాళ్లకి. తర్వాత షీటులో ఏదన్నా దిద్దితే ఫామ్‌లోని అసలు జవాబు మారదని గుర్తుంచుకోండి, ఒకే విషయానికి రెండు జవాబులు తయారవుతాయి. ఏదో ఒకచోటే దిద్దాలి.

ఒప్పందానికి ఇది చాలదు. ఎన్ని పేజీలు, ఎన్నిసార్లు సవరణలు, 18 శాతం జీఎస్టీ కలిపా విడిగానా అన్నవి ఒక పేజీ కాగితం మీద రాసి సంతకం తీసుకుని, సగం అడ్వాన్సు అందాకే మొదలుపెట్టాలి.

లాగిన్ లేకుండా ఫైళ్లు కావాలంటే టాలీ అనే ఫామ్ సేవ ఉంది, ఉచిత ప్లాన్లో ఒక్కో ఫైలు 10 ఎంబీ వరకు తీసుకుంటుంది. రైస్ మిల్లు వాళ్లకి పంపేటప్పుడు మాత్రం ఆ పేరు చెప్పకండి. లెక్కలు రాసే టాలీ సాఫ్ట్‌వేర్ అనుకుని "టాలీ అయితే మా గుమస్తాకి పంపండి" అంటారు.