ఏడాదిన్నర చాచాచా: మా హాలు, మా కాళ్ళు, మా అత్తయ్య చెవులు

మా పెళ్ళిరోజు ఇరవయ్యోది వస్తోందని మా ఆయన ఒక ఆన్‌లైన్ డాన్స్ కోర్సు కొన్నారు. దాని పేరు చెప్పను. భార్యాభర్తలు కలిసి చేసే చాచాచా, 16 బార్ల చిన్న రొటీన్ (అడుగుల వరస), ఆరు వారాల్లో వచ్చేస్తుందని రాసి ఉంది. బార్‌కి నాలుగు తాళం దెబ్బలు, 16 బార్లంటే పాట అసలు వేగంలో అర నిమిషం. ఆ అర నిమిషానికి మాకు ఏడాదిన్నర పట్టింది. పెళ్ళిరోజుకి డాన్సూ లేదు గీన్సూ లేదు, గోపాల్‌పూర్ వెళ్ళి సముద్రం చూసి వచ్చేశాం.

మాది ఒడిశాలోని బరంపురం. పట్టు చీరకీ అప్పడాలకీ ఇక్కడ లోటు లేదు. ఒడిస్సీ నేర్చుకోవాలన్నా దారి ఉంది. జంటగా చేసే డాన్సు నేర్పేవాళ్ళు మాత్రం మాకు దొరకలేదు. అందుకే వీడియోలు.

కోర్సులో ఉన్న అడుగుల రకాలు ఐదే: బేసిక్, న్యూయార్క్ (ఒక చెయ్యి వదిలి ఇద్దరూ ఒకే పక్కకి తిరిగి ముందుకి అడుగు), స్పాట్ టర్న్ (ఉన్నచోటే ఒక చుట్టు తిరగడం), హ్యాండ్ టు హ్యాండ్ (ఒక చెయ్యి వదిలి పక్కపక్కన నిలబడి వెనక్కి అడుగు), చేతి కింద నుంచి నేను తిరిగే మలుపు. చూస్తే ఏముంది ఇందులో అనిపిస్తుంది. మా మొదటి నెలంతా బేసిక్‌లోనే పోయింది. పాట మొదలవగానే మనకి ఒకటో దెబ్బ మీద కాలు పడిపోతుంది కదా. చాచాచాలో మగవాళ్ళు ఎడమ కాలు ముందుకి వేసేది రెండో దెబ్బ మీద. మూడుకి బరువు మళ్ళీ కుడి కాలి మీదకి రావాలి. నాలుగో దెబ్బని రెండు ముక్కలు చేసి పక్కకి రెండడుగులు, ఆఖరి ‘చా’ వచ్చి ఒకటి మీద పడుతుంది. తెలుగులో లెక్కపెడదామంటే ‘రెండు’, ‘మూడు’ నోట్లో సాగిపోతున్నాయి. చివరికి ఇంగ్లీషులో ‘టూ, త్రీ’ అన్నాం. మా మేడ మీద అద్దెకున్న ఒడియావాళ్ళ పిల్లలు మమ్మల్ని చూసి ‘దుయి, తిని, చాచాచా’ అని మెట్ల మీద గెంతుతుంటారు. నిజం చెప్పాలంటే మా కంటే ముందు వాళ్ళకే వచ్చింది.

పక్క గదిలో మంచం మీద పడుకునే మా అత్తయ్య మొదట్లో “ఏట్రా ఆ గెంతులు, ఈ వయసులో” అనేవారు. రెండో నెల నుంచి ఆవిడే మా పరీక్షాధికారి. కళ్ళు సరిగ్గా కనబడవు, చెవులు మాత్రం పాము చెవులు. “ఒరే, ఈసారి రెండే వినిపించాయి, మూడోది ఎవరు మింగేశారు?” అని లోపల్నుంచి కేక. ఎవరో ఒకరం మింగేసేవాళ్ళమే. ఆవిడకి తెలీదు గానీ ఈ డాన్సుకి పేరు పుట్టిందే అలా అంటారు. 1950ల మొదట్లో క్యూబాలో ఎన్రికే హొర్రీన్ అనే వయొలిన్ విద్వాంసుడు కట్టిన కొత్త బాణీలకి జనం ఆడుతుంటే, నేల మీద వాళ్ళ కాళ్ళు రాసుకున్న చప్పుడే చాచాచా అయిందట.

మా ఇంటి నేల మీద ఆ చప్పుడు రావడానికి వేరే కథ. మాది టైల్స్. ఈ ఊరి ఉక్కకి వట్టి కాళ్ళు చెమట పట్టి అతుక్కుంటాయి. మేజోళ్ళు వేసుకుంటే జారిపోతాం, నేను ఓసారి బీరువాకి గుద్దుకున్నాను. మా ఆయన స్పోర్ట్స్ షూ వేసుకుని స్పాట్ టర్న్ చేశారు. రబ్బరు అడుగు నేలని పట్టేసుకుంది, ఒళ్ళు తిరిగింది, మోకాలు తిరగలేదు. మూడు వారాలు నూనె రాసుకున్నారు. కోర్సులో చెప్పులు, నేల గురించి ఒక్క ముక్క లేదు, నాకు దాని మీద ఉన్న పెద్ద కోపాల్లో అదొకటి. చివరికి అడుగున స్వెడ్ (నూగులా మెత్తగా ఉండే) తోలు ఉండే డాన్స్ షూలు తెప్పించాం. జారాల్సినంత జారుతాయి, ఆగాల్సిన చోట ఆగుతాయి. తడి మాత్రం తగలకూడదు. నేల తుడిచిన గంట వరకూ వేసుకోం. తోలు అణిగిపోతే తీగల బ్రష్షుతో గీకాలి. డాబా మీద సిమెంటు నేల మీద ఒక్క సాయంత్రం ఆడామంటే వాటి పని అయిపోయినట్టే, మా అనుభవం. ఇక బట్టల సంగతి: చీరతో బేసిక్ వరకూ పరవాలేదు, మలుపు దగ్గర కాళ్ళకి చుట్టుకుంటుంది. చుడీదార్ వేసుకుంటే చున్నీ తీసి నడుముకి కట్టుకోండి, లేకపోతే తిరిగేటప్పుడు ఆయన వేలికి తగులుకుంటుంది.

రెండో కోపం ఇది. మగవాళ్ళ అడుగులకి పాఠాలు గంటల తరబడి, ఆడవాళ్ళకి పన్నెండు నిమిషాలు. ఆయన చేసేదానికి అద్దంలో బొమ్మలా చేస్తే చాలన్నట్టు. నేను వేసేవీ అడుగులే కదండీ!

అన్నిటికంటే ముఖ్యమైన పాఠాన్ని వాళ్ళు చిట్టచివర పెట్టారు. చేతులతో, ఒంటితో ఎలా చెప్పాలి, అవతలి మనిషి ఎలా వినాలి అన్నది. మా ఆయనకి తాళం లేక కాదు. ఇక్కడే పుట్టి పెరిగిన మనిషి, మా ఊరి అమ్మవారి జాతర ఠాకురాణీ యాత్ర వచ్చిందంటే చిన్నప్పుడు పులివేషాల వెనక డప్పు చప్పుడుకి వీధి వీధీ తిరిగినవాడే. ఒంటరిగా అయితే ఒళ్ళు దానంతటదే ఊగుతుంది. నా చేతులు పట్టుకోగానే స్కూటర్ హ్యాండిల్ పట్టుకున్నట్టు బిగుసుకుపోయేవారు. “ఏమండీ, తిరగమంటారా?” “తిరుగు.” ఇలా మాటలతో నడిచింది మా డాన్సు ఏడు నెలలు. పైగా రొటీన్ కంఠతా వచ్చేసింది కాబట్టి ఆయన చెయ్యి ఎత్తకముందే నేను తిరిగేసేదాన్ని. ఓ రోజు ఆయన మర్చిపోయి రెండోసారి న్యూయార్క్ వేశారు. నేను స్పాట్ టర్న్‌లో ఉన్నాను. నా మోచెయ్యి ఆయన ముక్కుకి తగిలింది.

ఆ ముక్కు పుణ్యాన ఒక నియమం పెట్టుకున్నాం. వారంలో రెండు రోజులు వరస ఆయన ఇష్టం, నాకు చెప్పకూడదు, నేను అడగకూడదు. మొదటి పది రోజులు నరకం. తర్వాత మెల్లగా ఆయన చేతుల్లో బిగుతు తగ్గింది, నా చేతుల్లో వేలాడటం తగ్గింది. ఇప్పుడు ఎటు వెళ్ళాలో అడుగు పడేలోపే తెలుస్తోంది.

మధ్యలో రెండుసార్లు విశాఖ వెళ్ళి ఒకావిడ దగ్గర గంట గంట చొప్పున నేర్చుకున్నాం. పొద్దున రైలెక్కి రాత్రికి తిరిగి రావడం, ఖర్చు కోర్సుకంటే ఎక్కువే. కానీ మా ఆయన రెండో దెబ్బకి ముందుకేసిన కాలి మీద సగం బరువే పెడుతున్నారని ఆవిడ అయిదు నిమిషాల్లో పట్టేసింది. వీడియో పట్టలేదు, మేమూ పట్టలేదు. నడుము ఊపాలని నేను తంటాలు పడుతుంటే “ఊపకండి, బరువు పూర్తిగా వేసి మోకాలు నిటారు చెయ్యండి, నడుము అదే వస్తుంది” అంది. వచ్చింది.

కొనమంటారా అంటే, అడుగులు చూసుకోడానికి పనికొస్తుంది, పాట వేగం తగ్గించుకునే సదుపాయం కూడా బాగుంది. మేం నిమిషానికి 120 దెబ్బల పాటని ముప్పావు వేగంలో పెట్టుకుని ఆరు నెలలు చేశాం. కొన్నవాళ్ళు ఆఖరి పాఠం ముందు చూడండి. రెండో భాగం, ఫ్యాన్, హాకీ స్టిక్ అనే అడుగులు ఉన్నది, మేం కొనడం లేదు. ఆ డబ్బుకి విశాఖ టికెట్లు వస్తాయి.

వచ్చే నెల పర్లాకిమిడిలో మా ఆడపడుచు కూతురి పెళ్ళి. ఆ అర నిమిషం అక్కడ ఆడమని అడిగారు. పందిట్లో తివాచీ పరుస్తారట, తివాచీ మీద షూ తిరగదు. స్పాట్ టర్న్ తీసేసి దాని బదులు ఇంకేదో కలుపుతానని మా ఆయన అంటున్నారు. ఏం కలుపుతారో, ఎక్కడ కలుపుతారో మాత్రం చెప్పడం లేదు.