కుట్టు గదికి ర్యాకులు చేయించుకునేవారికి హెచ్చరిక: ‘710 ప్లై’ అన్న నోటిమాటకు నేను చెల్లించిన మూల్యం

ఇంట్లో ఒక గదిని కుట్టు గదిగా మార్చుకుని, తానులకూ జాకెట్టు ముక్కలకూ ర్యాకులు, కత్తిరింపు బల్ల చేయించుకోవాలనుకుంటున్న వారు డబ్బు కట్టే ముందు ఇది చదవాలని కోరుతున్నాను. ‘710’ అంటే నీటిని తట్టుకునే రకం ప్లైవుడ్. ఆ పేరు నమ్మి విజయవాడలో నాకు ఎదురైన అనుభవం ఇది. ఫిర్యాదు ఇంకా నడుస్తున్నందున దుకాణం పేరు రాయడం లేదు. ఇదే పద్ధతిలో అమ్మేవారు మరికొందరు ఉన్నారని తర్వాత తోటి దర్జీల ద్వారా తెలిసింది కాబట్టి, ఒక్క పేరు తెలిసినంత మాత్రాన మీకు రక్షణ కూడా ఉండదు.

నేను పదహారేళ్ళుగా ఇంట్లోనే జాకెట్లు, లంగాలు, పిల్లల గౌన్లు కుడుతున్నాను. వస్త్రలత బట్టల మార్కెట్‌లో కొన్న లైనింగు తానులు, మంగళగిరి ముక్కలు, పెడన కలంకారీ, పోచంపల్లి ఇక్కత్, పాత పట్టుచీరల నుంచి విప్పి దాచిన జరీ అంచులు కలిసి ఒక గది నిండా పేరుకున్నాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చినప్పుడు సింగ్ నగర్‌లో ఉండే మా చెల్లెలి ఇంట్లోని పొట్టు చెక్క (పార్టికల్ బోర్డు) అల్మరా పూరీలా పొంగి, తలుపులు తెరవడానికి కూడా వీలు లేకుండా బిగుసుకుపోవడం కళ్ళారా చూశాను. మాది మేడ మీది ఇల్లే అయినా, నీటికి చెడని చెక్కతోనే ర్యాకులు చేయించాలని ఆనాడే నిర్ణయించుకున్నాను. ఆ భయమే నా బలహీనత అయింది.

ఆ కార్తీక మాసంలో ఫోనులో ఒక ప్రకటన చూసి ఆ దుకాణానికి వెళ్ళాను. పదడుగుల గోడ పొడవునా మూడు అరల వరుసలు, కింద సొరుగులు, ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, ముప్ఫై ఆరు అంగుళాల ఎత్తుతో ఒక కత్తిరింపు బల్ల కావాలని కాగితం మీద గీసి ఇచ్చాను. మొత్తం 86,000 రూపాయలన్నారు. ‘అంతా 710 ప్లై మేడమ్, నీళ్ళల్లో నానబెట్టినా ఏమీ కాదు, పదేళ్ళ గ్యారంటీ’ అని యజమానే స్వయంగా చెప్పారు. బిల్లు అడిగితే జీఎస్టీ 18 శాతం అదనంగా పడుతుందన్నారు. 15,480 రూపాయలు మిగులుతాయన్న ఆశతో, ‘ర్యాకు సెట్టు, టేబులు’ అని మాత్రమే రాసి ఉన్న ఎస్టిమేటు చీటీ తీసుకుని 60,000 అడ్వాన్సు ఇచ్చి వచ్చాను. ఈ వ్యవహారం మొత్తంలో నేను చేసిన పెద్ద తప్పు అదే.

నాలుగు వారాల్లో ఇస్తామన్న సామాను సంక్రాంతి దాటాక వచ్చింది. పైన సన్‌మైకా, అంచుల వెంట పట్టీ అతికించి ఉండటం వల్ల లోపలి చెక్క ఏ మూలా కనిపించలేదు. బల్ల ఎత్తు ముప్ఫై మూడు అంగుళాలే ఉంది. మూడు అంగుళాలే కదా అని సరిపెట్టుకోమన్నారు. రోజూ నాలుగు గంటలు వంగి కత్తిరించే మనిషికి ఆ మూడు అంగుళాలు నడుములో తెలుస్తాయి. గది తలుపు తీయగానే ముక్కు, కళ్ళు మండించే ఘాటైన వాసన నెలన్నర దాకా పోలేదు. కొత్త చెక్క వాసన అలాగే ఉంటుందనుకున్నాను. పార్టికల్ బోర్డులో పొట్టును పట్టి ఉంచే జిగురు నుంచి వెలువడే ఫార్మాల్డిహైడ్ వల్ల అలాంటి మంట వస్తుందని తర్వాత తెలిసింది.

వేసవి గడిచేసరికి మధ్య వరుసలోని అర ఒకటి ఉయ్యాల బల్లలా కిందికి వంగింది. దారం బిగించి కొలిస్తే మధ్యలో ముప్పావు అంగుళం వంపు తేలింది. మనం బట్టను తేలికైనదనుకుంటాం. ఒక మీటరు మల్లు గుడ్డ వంద గ్రాములకు కాస్త అటూ ఇటూ తూగుతుంది, కానీ అవి వందల మీటర్లయినప్పుడు లెక్క మారిపోతుంది. ఆ అరలో ఉన్నదంతా దించి తూస్తే 38 కిలోలు వచ్చింది. మూడడుగులకు పైగా మధ్యలో ఆధారమే లేని పొట్టు చెక్క అంత బరువును నెలల తరబడి మోయలేదు. బల్ల సంగతీ అంతే. ఆరడుగుల పలకకు నడుమ కాలు పెట్టకపోవడంతో మధ్యభాగం దిగి, నాలుగు పొరలు వేసి కత్తిరించిన లంగా కలీలలో (ఘేరు కోసం కలిపే ఏటవాలు ముక్కల్లో) పైపొరకూ అడుగుపొరకూ దాదాపు అరంగుళం తేడా వచ్చింది. ఆ గుడ్డ తెచ్చిన ఆవిడకు మరో గుడ్డ నా డబ్బుతో కొనిచ్చాను.

అసలు నిజం ఆషాఢం వానల్లో బయటపడింది. సొరుగుల పక్కనున్న చిన్న తలుపు ఒకటి నా చేతిలోకి ఊడివచ్చింది. హింజికి బిగించిన మూడు స్క్రూలూ దాంతోపాటే వచ్చాయి. వాటి మరల్లో చుట్టుకుని ఉన్నది చెక్క పీచు కాదు, గోధుమరంగు పొట్టు. రంధ్రంలో చూపుడువేలు పెట్టి తిప్పితే తడిసిన రవ్వలా పొడి రాలింది. అంచు పట్టీని గోటితో లేపి చూశాను. ప్లైవుడ్‌లో ఉండాల్సిన అడ్డం, నిలువు పొరలు ఒక్కటీ లేవు. చిన్న చిన్న చెక్క ముక్కలను జిగురుతో అదిమిన పలక అది. వెనకవైపు వేసిన పల్చటి అట్ట అవతల స్నానాల గది ఉన్న గోడకు ఆనుకుని ఉండటంతో చెమ్మ పీల్చి ఉబ్బింది. దానికి తగిలి ఉన్న మంగళగిరి ముక్కల మీద ఆవగింజలంత నల్లటి బూజు చుక్కలు పడ్డాయి. అమ్మ పెళ్ళినాటి చీర అంచును పాలిథిన్ కవరులో చుట్టి, పక్కన కలరా ఉండలు వేసి దాచాను. దాని జరీ ఒక జానెడు మేర నల్లబడింది. అంచు విషయంలో దుకాణాన్ని పూర్తిగా తప్పు పట్టను, గాలి ఆడని కవరులో పెట్టింది నేనే.

ఫోను చేస్తే మొదట మీ ఇంట్లో తేమ ఎక్కువన్నారు. ఆ తర్వాత తడి గుడ్డలు పెట్టి ఉంటారన్నారు. ఫొటోలు పంపాక, చీటీలో 710 అని ఎక్కడ రాసి ఉందో చూపించమన్నారు. నిజమే, ఎక్కడా రాసి లేదు. చివరికి, ‘మీరు కుట్టు వ్యాపారం చేస్తున్నారు కాబట్టి వినియోగదారుల కోర్టుకు కూడా వెళ్ళలేరు’ అని బెదిరించారు. ఇంట్లో కుట్టే ఆడవాళ్ళందరూ ఈ మాట దగ్గర ఆగాలి, ఎందుకంటే అది తప్పు. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం వాణిజ్య ప్రయోజనానికి కొన్నవారు వినియోగదారులు కారన్నది నిజమే అయినా, కేవలం స్వయం ఉపాధితో జీవనోపాధి పొందడానికి కొని వాడుకునేవారిని అదే చట్టం వినియోగదారులుగానే గుర్తిస్తుంది. పైగా బిల్లు ఇవ్వకపోవడాన్ని కూడా అనుచిత వ్యాపార పద్ధతుల్లో ఒకటిగా చేర్చింది. నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించి, దుకాణానికి రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపాను. జవాబు రాకపోవడంతో జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేశాను. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపు కాబట్టి రుసుము లేదు. నా దగ్గరున్న ఆధారమల్లా డబ్బు పంపిన యూపీఐ వివరాలు, ‘710 మేడమ్, డౌట్ వద్దు’ అని వాళ్ళు వాట్సాప్‌లో పెట్టిన ఒక్క సందేశం. అది కూడా లేకపోతే నా మాటకు విలువ ఉండేది కాదు.

కాబట్టి మీరు అడగవలసినవి ఇవి. ‘710’ అంటే మెరైన్ ప్లైవుడ్‌కు భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) నిర్దేశించిన ప్రమాణం ఐఎస్ 710. సాధారణ ప్లైవుడ్‌కు ఐఎస్ 303 ఉంటుంది. పార్టికల్ బోర్డుకు వేరే ప్రమాణమే ఉంది కాబట్టి, ఐఎస్ఐ గుర్తు కనిపించగానే సరిపోయిందనుకోకుండా దాని పైనున్న అంకె చదవండి. గుర్తు కింద ‘సీఎం/ఎల్’తో మొదలయ్యే లైసెన్సు సంఖ్యను బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే అది ఏ సంస్థదో, ఏ సరుకుకు ఇచ్చారో తెలుస్తుంది. ఈ ముద్ర పలక మీద ఉంటుంది, సన్‌మైకా అతికించాక కనిపించదు. అందువల్ల పలకలు కోయకముందే కార్ఖానాకు వెళ్ళి చూస్తామని, ఫొటో తీసుకుంటామని ముందే చెప్పండి. ఒప్పుకోకపోతే అక్కడి నుంచి వచ్చేయండి. పలక రకం, మందం, బల్ల ఎత్తు, గ్యారంటీ గడువు బిల్లు మీదే రాయించండి. డబ్బులో కనీసం సగమైనా గదిలో బిగించి, కొలతలు సరిచూసుకున్నాక ఇచ్చేలా మాట్లాడుకోండి.

ప్రస్తుతం నా తానులన్నీ ఇనుప యాంగిల్ ర్యాకుల మీద, గోడకు నాలుగు అంగుళాలు ఎడంగా ఉన్నాయి. చూడటానికి గోడౌనులా ఉందని మా వారు అంటారు గానీ అరలు వంగడం లేదు. పట్టు, జరీ ముక్కలను ఉతికి ఆరేసిన కోరా గుడ్డలో చుట్టి, రెండు నెలలకోసారి మడతలు మార్చి పెడుతున్నాను.

ఇలాంటి ర్యాకులు ఇప్పటికే చేయించుకున్నవారు ఈరోజే ఒక పని చేయండి. కంటికి కనపడని చోట ఉన్న ఒక హింజి స్క్రూ విప్పి, మరల్లో అంటుకున్నది పీచో పొట్టో చూడండి. పొట్టయితే, మళ్ళీ బిగించే ముందు వెలుతురులో ఫొటో తీసుకోండి. ఫిర్యాదు చేయడానికి చట్టం ఇచ్చే గడువు రెండేళ్ళే.