ఏడేళ్ళు గడ్డివామును కాచిన టార్పాలిన్ పట్టా: వాడి చూశాక నా మాట

నిన్న వాము మీంచి పాత పట్టా దించేశాను. ఏడేళ్ళ కిందట కొన్నాను దాన్ని. 6 మీటర్ల వెడల్పు, 9 మీటర్ల పొడవు, 200 జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకు 200 గ్రాములు తూగే నేత ప్లాస్టిక్ టార్పాలిన్. పైన వెండి రంగు, లోపలివైపు నలుపు. మడత పెడుతుంటే కొప్పు మీద ఉన్న భాగం అప్పడంలా పెళపెళమని విరిగింది. పక్కలకు వేలాడిన భాగం మాత్రం ఇప్పటికీ గట్టిగానే ఉంది. ఇన్నేళ్ళు దీని కింద పశువుల మేత దాచుకున్నాను కాబట్టి, కొనబోయేవాళ్ళకు పనికొస్తుందని ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

ఐదుకు నాలుగిస్తాను. ఆ తగ్గించిన ఒకటి ఎందుకో తర్వాత చెబుతాను. ముందు చెప్పాల్సింది మొదటి ఏడాది సంగతి. ఆ ఏడాది తప్పు పట్టాది కాదు, నాది.

కొత్త పట్టా వచ్చిందన్న ధీమాతో వామును నాలుగువైపులా నేల దాకా కప్పేశాను. అంచుల మీద రాళ్ళు పెట్టి, ఎక్కడా గాలి చొరబడకుండా బిగించాను. వాన చుక్క లోపలికి రాకూడదన్నదొక్కటే నా ఆలోచన. నలభై రోజుల తర్వాత తీసి చూస్తే పైవరస కట్టలన్నిటి మీదా తెల్లటి బూజు. తాళ్ళు తడిసి నల్లబడ్డాయి. చెయ్యి పెడితే గడ్డి మెత్తగా, జిగటగా తగిలింది. పట్టాకు ఎక్కడో చిల్లి ఉందనుకుని ఎండకు ఎత్తిపట్టి గజం గజం వెతికాను. సూదిమొనంత వెలుతురు కూడా రాలేదు. అమ్మ వచ్చి పట్టా లోపలివైపు అరచెయ్యి ఆనించి చూసింది. "ఇది పైనుంచి పడ్డ నీళ్ళు కాదురా. గడ్డికి పట్టిన చెమట. కుండ మీద మూత పెట్టినట్టు పెట్టావు," అంది.

అమ్మ చెప్పింది అక్షరాలా నిజం. చేత్తో పట్టుకుంటే పొడిగా తోచే గడ్డిలో కూడా నీరుంటుంది. టన్ను గడ్డి 20 శాతం చెమ్మ నుంచి 14 శాతానికి ఆరాలంటే దాదాపు 70 లీటర్ల నీరు ఆవిరై బయటికి పోవాలి. మా వాములో సుమారు 8 టన్నులు పడుతుంది. అంటే 560 లీటర్లు. నేను నాలుగువైపులా మూసేసరికి ఆ ఆవిరికి దారి లేక పైకి లేచింది. రాత్రి చల్లబడ్డ ప్లాస్టిక్‌కు తగిలి మళ్ళీ నీరైంది, బొట్లు బొట్లుగా పైవరస మీదే పడింది. పగలు ఆవిరి, రాత్రి చినుకు. నలభై రోజులు వాముకు లోపలే వాన కురిసింది.

రెండో ఏడాది నుంచి పద్ధతి మార్చాను. పైవరసలను మెట్లలాగా తగ్గిస్తూ పేర్చి, చివర నడుమ ఒక్క వరస కట్టలే నిలిచేలా కొప్పు తీస్తాను. ఆ కొప్పు వెంబడి రెండు పొడవాటి బొంగులు పక్కపక్కనే పరిచి, వాటి మీదుగా పట్టా వేస్తాను. గడ్డికీ పట్టాకూ మధ్య పైన జానెడు సందు ఉంటుంది. రెండు చివర్లా ముక్కోణం తెరిచే ఉంచుతాను, ఒకవైపు నుంచి వచ్చిన గాలి రెండోవైపుకు పోతుంది. బొంగుల చివర్లకు గోనెపట్టా చుట్టి కట్టాలి, లేకపోతే మొనలు పట్టాను పొడుస్తాయి. పక్కలకు పట్టా చూరులాగా మీటరు లోపే దిగుతుంది, నేలను తాకదు. జల్లు కొట్టినప్పుడు కింది కట్టల బయటి ముఖం కాస్త తడుస్తుంది. తడవనిస్తాను. నిలువు ముఖం మీద పడ్డ నీరు జారిపోతుంది, గాలి ఆడితే మర్నాటికి ఆరుతుంది. ఈ ఆరేళ్ళలో పైవరసలో బూజు మళ్ళీ కనబడలేదు.

కొప్పు తీయడానికి ఇంకో కారణం కూడా ఉంది. వాము పైభాగం చదునుగా ఉంటే పట్టా కట్టల మధ్య గుంటలు పడి నీరు నిలుస్తుంది. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే అది ఒక లీటరు. మా పట్టా 54 చదరపు మీటర్లు. 20 మిల్లీమీటర్ల వానంటే వెయ్యి లీటర్లకు పైమాటే. అందులో పదోవంతు ఒక గుంటలో నిలిచినా వంద కిలోల బరువు. ఆ బరువుకు గుంట ఇంకా దిగుతుంది, ఇంకా నీరు చేరుతుంది, చివరికి నేత సాగి నీరు ఊరడం మొదలవుతుంది. చీపురుకర్రతో కింద నుంచి ఎత్తి ఒంపేద్దామని చూస్తే ఆ కర్ర మొనకే చిరుగుతుంది. వాలు ఉంటే ఈ బాధేమీ లేదు.

అడుగు గురించి పట్టా ఏమీ చేయలేదు. ఎంత మంచిది కొన్నా ఇది గుర్తుంచుకోవాలి. నేలలోని తడిని గడ్డి దీపంలో వత్తి నూనె పీల్చినట్టు పీలుస్తుంది. మట్టి మీద నేరుగా పేర్చిన ఏడాది కిందివరస మొత్తం ఎరువుకే పోయింది. పట్టాకు పెట్టిన డబ్బంతా పైవరసను కాపాడితే, ఏమీ పెట్టని అడుగున అంతకంత నష్టపోయాను. కింద ప్లాస్టిక్ పరిస్తే సరిపోతుందని కొందరు చెబుతారు. నేనూ పరిచాను. పక్కల నుంచి జారిన నీరు దాని మీదే మడుగు కట్టింది, గడ్డి ఆ మడుగులో కూర్చుంది. ఇప్పుడు పిడికెడు లావు కంకర జానెడు మందం పోసి, దాని మీద చెక్క పాలెట్లు వేసి పేరుస్తున్నాను. చుట్టూ చిన్న కాలువ తవ్వాను. కింద గాలి ఆడుతుంది. ఎలుకలు దూరితే పిల్లికి అందుతాయి కూడా.

గాలి సంగతి వేరే చెప్పాలి. వానకన్నా గాలే పట్టాను ఎక్కువ చంపుతుంది. గాలి వేగం రెట్టింపైతే దాని ఒత్తిడి నాలుగింతలవుతుంది. కానీ నేను చూసినంతలో ఒక్క పెద్ద గాలికి చిరిగిన పట్టాలకన్నా, వదులుగా ఉండి రోజూ టపటపా కొట్టుకుని చిరిగినవే ఎక్కువ. కొట్టుకున్న ప్రతిసారీ గడ్డి దుబ్బు మొనల మీద గీసుకుంటుంది, అంచు రింగు దగ్గర లాగుతుంది. బిగించి కట్టాం కదా అనుకుంటాం గానీ, వాము రోజురోజుకూ అణుగుతుంది. మొదటి నెలలోనే జానెడు పైగా దిగుతుంది. నేలలో మేకు దిగ్గొట్టి కట్టిన తాడు అప్పుడు వదులైపోతుంది. ప్రతి వారం వెళ్ళి బిగించేంత ఓపిక ఎవరికుంటుంది?

దీనికి నాకు దొరికిన దారి బరువులు వేలాడదీయడం. వాము మీదుగా ఆ పక్క నుంచి ఈ పక్కకు, మీటరుకొకటి చొప్పున తాళ్ళు వేసి, రెండు కొసలకూ బరువు కడతాను. బరువు నేలకు ఆనకుండా గాలిలో వేలాడాలి. వాము అణిగితే బరువూ దిగుతుంది, తాడు మాత్రం ఎప్పుడూ బిగువుగానే ఉంటుంది. మొదట్లో ఇసుక నింపిన ప్లాస్టిక్ సంచులు కట్టాను. ఏడాది ఎండకే సంచి చివికిపోయి ఇసుకంతా కారిపోయింది. ఇప్పుడు రంధ్రం ఉన్న సిమెంటు ఇటుకలు కడుతున్నాను. సాగే రబ్బరు తాళ్ళ జోలికి పోవద్దు. ఎండకు వాటి ప్రాణం పట్టాకన్నా ముందే పోతుంది.

నేను తగ్గించిన ఒక మార్కు ఈ పట్టా అంచు రింగులకు. రెండో ఏడాది ఒక ఈదురుగాలికి మూలనున్న అల్యూమినియం రింగు చుట్టూ ఉన్న ప్లాస్టిక్‌తో సహా ఊడి వచ్చేసింది. తర్వాత వరుసగా మూడు పోయాయి. అంచు మడతలో తాడు పెట్టి కుట్టారు గానీ, రింగు ఆ తాడును పట్టుకోలేదు, ఉత్త ప్లాస్టిక్‌కే పట్టింది. కొనేటప్పుడు అక్కడ వేలితో నొక్కి చూడండి. ఊడిపోయిన చోట మాత్రం కొత్త రింగు కొట్టాల్సిన పని లేదు. కోడిగుడ్డంత నున్నటి గులకరాయిని పట్టా లోపలివైపు పెట్టి, బయటి నుంచి దాని మెడ చుట్టూ తాడు బిగించి ముడి వేయండి. లాగే బలం రాయి చుట్టూ సర్దుకుంటుంది. ఐదేళ్ళుగా ఆ నాలుగు ముడులూ కదల్లేదు.

జీఎస్ఎం అంటే చదరపు మీటరుకు ఎన్ని గ్రాముల బరువో చెప్పే లెక్క. మీద అచ్చువేసిన అంకెను నమ్మక్కర్లేదు, తూకం వేస్తే తెలిసిపోతుంది. 6 ఇంటూ 9 అంటే 54 చదరపు మీటర్లు, 200 గ్రాముల చొప్పున 10 కిలోల 800 గ్రాములు రావాలి. నాది కొన్ననాడు 10 కిలోల 700 తూగింది. అంతకుముందు వాడిన పల్చటి నీలం పట్టా ఇదే కొలతకు 5 కిలోలు కూడా లేదు. అది రెండో ఎండాకాలం దాటలేదు. అయితే బరువొక్కటే చూసి కొనకూడదు. ఈ పట్టాలు పాలిథీన్ పట్టీలతో నేసి రెండువైపులా పల్చటి పూత వేసినవి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఆ పాలిథీన్‌ను మెల్లగా తెంచేస్తాయి. వాటికి తట్టుకునే మందు కలిపారా లేదా అన్నది కంటికి కనబడదు, రాతపూర్వకంగా చెప్పినవాళ్ళ దగ్గరే కొనాలి. నలుపులో కలిపే మసి ఈ కిరణాలను బాగా అడ్డుకుంటుంది, కానీ నల్లటిది పైకి వేస్తే లోపల వేడెక్కుతుంది. వెండి రంగు పైకి, నలుపు లోపలికి ఉన్న దీనితో నాకు ఏ ఇబ్బందీ రాలేదు.

పట్టా ముసలిదైందని చిరుగు కన్నా ముందే తెలుస్తుంది. గోటితో గీస్తే తెల్లటి పొడి రాలుతుంది. నేత చెక్కుచెదరకుండా ఉన్నా పూత పొలుసులుగా లేచిపోతే నీరు ఊరుతుంది. అనుమానం వచ్చినచోట కింద బకెట్టు పెట్టి, పైన చెంబెడు నీళ్ళు నిలిపి ఓ అరగంట చూస్తాను. ఐదో ఏడాది కొప్పు మీద ఇలాగే పట్టుబడింది. అప్పుడు కొప్పు పొడవునా పాత ముక్క ఒకటి అడ్డంగా వేసి రెండేళ్ళు నెట్టుకొచ్చాను. చిన్న చిల్లులకు టార్పాలిన్ టేపు రెండువైపులా ఎదురెదురుగా అంటించాలి, తుడిచి ఆరాక. ఒకవైపే అంటిస్తే నెలలో లేస్తుంది.

చివికిన పట్టాను ఇంకో ఏడాది లాగుదామని చూడకండి. ఇది నేను ప్రాధేయపడి చెబుతున్న మాట. పోయిన నెల గాడిలో అరచేతి వెడల్పు వెండి పీలిక దొరికింది. పశువు నాలుకతో చుట్టి లాక్కుంటుంది, ఏరుకుని తినదు. మింగిన ప్లాస్టిక్ కడుపులో అరగదు, బయటికీ పోదు, పేరుకుంటూ నెమరును ఆపేస్తుంది. ఆ పీలిక చూసినరోజే ఈ పట్టాను దించేయాలని నిర్ణయించుకున్నాను. కట్టలు విప్పిన తాళ్ళ విషయంలోనూ అంతే జాగ్రత్త.

బూజుపట్టిన గడ్డి దులిపి వేసేద్దామనే ఆశ కూడా వద్దు. ఆ దుమ్ము పీల్చినవాళ్ళకు ఊపిరితిత్తుల జబ్బు రావచ్చు. రైతుల ఊపిరితిత్తి అని దానికి పేరే ఉంది. నేను దాన్ని తడిపి, ముక్కుకు గుడ్డ కట్టుకుని, పెంటకుప్పలో వేస్తాను.

గుండ్రటి పెద్ద చుట్టలు కట్టించేవాళ్ళకు ఒక లెక్క చెబుతాను. ఒకటిన్నర మీటరు అడ్డకొలత ఉన్న చుట్టలో బయటి 15 సెంటీమీటర్ల పొర చూడ్డానికి తొక్కలా ఉంటుంది గానీ, మొత్తం గడ్డిలో 36 శాతం అందులోనే ఉంటుంది. పైతొక్కే కదా పాడైందని వదిలేస్తే మూడోవంతు పైగా పోయినట్టు. వాటిని చదును ముఖాలు ఆనేలా వరసగా దొర్లించి, వరసకూ వరసకూ మధ్య గాలి ఆడేంత సందు వదలాలి.

చివరిగా, పట్టా ఎప్పుడు వేయాలన్నది. కోసి కట్టిన గడ్డి మొదటి రెండు మూడు వారాలు లోపల వేడెక్కుతుంది, పచ్చిగా ఉంటే ఇంకా ఎక్కువ. 20 శాతం మించి చెమ్మ ఉన్న కట్టలను నేను అసలు వాములోకి రానివ్వను. వాన రాదనుకున్న రోజుల్లో పట్టా తీసి ఉంచుతాను. ఒక ఇనుప గొట్టం వాము నడుమకు దిగేసి, అందులోకి దారంతో థర్మామీటరు వదిలి పదిహేను నిమిషాలాగి చూస్తాను. 50 డిగ్రీల లోపు ఉంటే నిద్రపోతాను. 65 దాటితే రోజూ చూడాలి. 80కి చేరితే అది నిప్పే. అలాంటి వామును మనమే విప్పకూడదు, పైకి ఎక్కకూడదు. లోపల కాలి గుల్లైన చోట కాలు దిగిపోవచ్చు, గాలి తగలగానే భగ్గుమనవచ్చు. అగ్నిమాపక సిబ్బందిని పిలిచాకే ముట్టుకోవాలి.

కొత్తది ఈసారి 250 జీఎస్ఎం తీసుకున్నాను, అదే కొలత. తూకం వేస్తే 13 కిలోల 400 వచ్చింది. రింగుల్ని నమ్ముకోకుండా మూలలకు ముందే గులకరాళ్ళు కట్టేశాను. పాతదానిలో గట్టిగా ఉన్న పక్క ముక్కలు కోసి కట్టెల మీద కప్పాను, పెళుసుబారిన కొప్పు భాగం పశువుల కంటబడకుండా చుట్టి పక్కన పెట్టాను. వాము ఈ ఉదయం 41 డిగ్రీలుంది. సాయంత్రం మబ్బు పట్టకపోతే ఇంకో రెండు రోజులు తెరిచే ఉంచుతాను.