బ్రెడ్డు లేని ఇటాలియన్ మీట్‌బాల్స్: కొబ్బరి పిప్పి, అరటికాయ, బాదం పొడిలో ఏది నిలబడింది

ఇటలీ పద్ధతి మీట్‌బాల్స్‌లో గోధుమ వచ్చేది పాలల్లో నానబెట్టి పిసికి కలిపే పాత బ్రెడ్డు వల్ల. ఉండ విడిపోకుండా పట్టి ఉంచడమే దాని పని అని చాలామంది అనుకుంటారు. నిజానికి ఉండని పట్టి ఉంచేది మాంసమూ గుడ్డూ. బ్రెడ్డు తడిని తనలో దాచుకుంటుంది, ఉడికేటప్పుడు మాంసం బిగుసుకుపోకుండా అడ్డుపడుతుంది. కాబట్టి దాని బదులు ఏది వేసినా చూడాల్సింది జిగురు కాదు, తడిని ఎంత పట్టి ఉంచుతుందన్నది. గ్లూటెన్ (గోధుమలో ఉండే ప్రోటీను) ఒక్కటే మానేసినవాళ్లకి బియ్యప్పిండి సరిపోతుంది. తిండిగింజలన్నీ మానేసినవాళ్లకి బియ్యప్పిండీ కుదరదు, కార్న్‌ఫ్లోరూ కుదరదు.

ఎక్కువ కాలంగా వాడుతున్న కొలత ఇది. కైమా 500 గ్రాములు, గుడ్డు ఒకటి, తురిమిన పార్మెజాన్ చీజ్ 40 గ్రాములు, నూనెలో మెత్తగా మగ్గించి చల్లార్చిన ఉల్లిపాయ 50 గ్రాములు, సన్నగా నూరిన వెల్లుల్లి 3 రెబ్బలు, ఉప్పు తలకొట్టి ఒక టీస్పూను, మిరియాల పొడి అర టీస్పూను, జాజికాయ చిటికెడు, పార్‌స్లీ దొరికితే గుప్పెడు. పార్‌స్లీ లేకపోతే మానేయండి గానీ కొత్తిమీర వేయకండి. వేస్తే అది మన కైమా ఉండల రుచిలోకి వెళ్లిపోతుంది. అల్లం కూడా వద్దు. పచ్చి అల్లానికి మాంసాన్ని మెత్తబరిచే గుణం ఉంది, ముద్ద జావగారిపోతుంది. బొప్పాయి ముక్క సంగతి ఇక చెప్పక్కర్లేదు.

బ్రెడ్డు స్థానంలో అన్నిటికన్నా బాగా నిలబడింది కొబ్బరి పిప్పి. అంబాజీపేట చుట్టుపక్కల ఊళ్లలో కొబ్బరికి కొదవ లేదు. పాలు పిండేశాక పారేసే పిప్పినే ఓవెన్‌లో 100 డిగ్రీల దగ్గర, మధ్యమధ్య కలుపుతూ పొడిపొడిగా అయ్యేదాకా ఆరబెట్టి, మిక్సీలో పట్టి జల్లించుకోవాలి. అరకిలో కైమాకి 2 టేబుల్ స్పూన్లు చాలు, అంటే సుమారు 15 గ్రాములు. దాన్ని ముందుగా 60 మిల్లీలీటర్ల పాలలో పది నిమిషాలు నానబెట్టి తీరాలి. పొడిగానే కలిపితే మాంసంలో ఉన్న రసాన్ని పీల్చేస్తుంది, ఉండ ఇసకలా తగులుతుంది. మూడో స్పూను వేస్తే కొబ్బరి వాసన పైకొస్తుంది. ఇంట్లో చేసిన పొడిలో నూనె కొంత మిగిలే ఉంటుంది కాబట్టి వానాకాలపు చెమ్మకి డబ్బాలో తొందరగా పాడవుతుంది. ఫ్రీజర్‌లో పెట్టుకోవాలి.

రెండో స్థానం బొంత అరటికాయకి. తొక్కతోనే ఉడికించి, పూర్తిగా చల్లారాక తురిమితే 70 గ్రాములు కావాలి. వేడి మీద మెదిపితే జిగురు సాగి ఉండ లోపల ముద్దముద్దగా ఉండిపోతుంది. రుచిలో అరటికాయ తెలియదు, మెత్తదనం చాలా బాగుంటుంది. కానీ ఫ్రీజర్‌లో పెట్టి తీస్తే నీరు వదులుతుంది. ఆ పూటకి ఆ పూట తినేయాలనుకుంటే మాత్రం నేను కొబ్బరి కన్నా దీనికే మొగ్గు చూపుతాను. బాదం పొడి 50 గ్రాములు వేస్తే రుచి బాగుంటుంది గానీ తడిని అంతగా పట్టి ఉంచదు, పైగా ఖరీదు. అవిసె పొడి వాసన టమాటాతో పొసగదు. పుట్నాల పొడి తిండిగింజ కాదు, పప్పు. పప్పులు తినేవాళ్లకి ఇబ్బంది లేదు, ఉండ మాత్రం కాస్త గట్టిపడుతుంది.

ఇంకో చేర్పు తప్పకుండా చెప్పాలి. ఇటలీలో కొందరు రికోటా అనే మెత్తటి చీజ్ కలుపుతారు. గేదెపాలు నిమ్మరసంతో విరగ్గొట్టి, గుడ్డలో వడకట్టి, బరువు పెట్టకుండా తీసిన మెత్తటి పనీరు 60 గ్రాములు వేస్తే ఆ పని అవుతుంది. అప్పుడు కొబ్బరి పొడిని నానబెట్టే పాలు సగానికి తగ్గించాలి.

ఇటలీలో గొడ్డుమాంసం, పందిమాంసం కలిపి చేయడం ఎక్కువ. ఇక్కడ మేక మాంసంతో చేస్తే కొవ్వు చాలదు. కొట్టులో "కొవ్వు తీసేయకండి, తొడా జబ్బా కలిపి ఇవ్వండి" అని చెప్పి తీసుకోవాలి. అరకిలోలో కనీసం 80 గ్రాములు కొవ్వు ఉండాలి. కోడి అయితే రొమ్ము వద్దు, తొడ మాంసమే.

మన ఇళ్లలో ఎక్కువగా చెడేది కడగడం దగ్గరే. కైమాని గిన్నెలో పోసి రెండు నీళ్లు కడుగుతాం. కైమా ఆ నీరు తాగేస్తుంది. తర్వాత ఎన్ని గుడ్లు కొట్టినా ఉండ నిలవదు. ముక్కలుగానే తెచ్చి, కడిగి, గుడ్డతో తడి అద్ది, ఫ్రీజర్‌లో 40 నిమిషాలు ఉంచి, అంచులు గట్టిపడ్డాక మిక్సీలో 250 గ్రాముల చొప్పున పల్స్ మీద ఐదారు తిప్పులు తిప్పాలి. చల్లగా ఉంటే తెగుతుంది, వెచ్చబడితే నలిగి పేస్టు అవుతుంది.

కలిపే వరసలో ముందు కైమాకి ఉప్పు పట్టించాలి. ఒక నిమిషం పిసికితే వేళ్లకి అంటుకోవడం మొదలవుతుంది. అక్కడ ఆపి మిగతావన్నీ వేసి, వేళ్లతో ఎత్తి కలపడమే, నలపకూడదు. ఎక్కువ పిసికితే ఉండలు సాసేజ్‌లా సాగుతాయి. మన వేసవిలో వంటింటి వేడికి కొవ్వు చేతుల్లోనే కరుగుతుంది, అందుకని ముద్దని అరగంట ఫ్రిజ్‌లో ఉంచి, తడి చేతులతో నిమ్మకాయంత, అంటే 35 గ్రాముల ఉండలు చుట్టాలి. ఇరవై దాకా వస్తాయి.

ముందే వేడెక్కిన ఓవెన్‌లో 200 డిగ్రీల మీద 15 నిమిషాలు పెడితే పైన రంగొస్తుంది. మూకుడులో వేయిస్తే అడుగు ఎర్రబడి తనంతట తాను ఊడేదాకా కదపకూడదు. విరిగిపోయే ఉండల్లో సగం తొందరపడి తిప్పడం వల్లే. ఆ తర్వాత సాస్‌లో మేక మాంసానికి 25 నిమిషాలు, కోడికి 12. సాస్ ఒకటీ అరా బుడగ వచ్చేంత సన్నసెగ మీదే ఉండాలి, కుతకుత ఉడికితే ఉండలు బీటలిస్తాయి. థర్మామీటరు ఉంటే లోపల మేకకి 71 డిగ్రీలు, కోడికి 74 చూడాలి.

సాస్‌కి బాగా పండిన టమాటాలు కిలో, ఆలివ్ నూనె 3 టేబుల్ స్పూన్లు, వెల్లుల్లి 4 రెబ్బలు, ఉప్పు, చివర్లో బేసిల్ ఆకులు. అంతే. నాటు టమాటా పులుపెక్కువ, దానికి చిన్న క్యారెట్ తురిమి వేస్తే సర్దుకుంటుంది. బేసిల్‌కి బదులు ఇంటి తులసి వేయకండి, లవంగం ఘాటు సాస్‌ని కమ్మేస్తుంది. సబ్జా గింజలు కుండీలో చల్లితే మొలిచేది బేసిలే. పొయ్యి ఆర్పాక ఆకులు చించి వేయాలి. పొడిగా డబ్బాలో వచ్చే చీజ్‌లో, కొనే పాస్తా సాస్‌లలో మొక్కజొన్న స్టార్చ్ కలవొచ్చు, లేబుల్ చూసుకోవాలి.

పాస్తా కూడా గోధుమదే, అది లేదని దిగులక్కర్లేదు. ఇటలీలో ఈ ఉండల్ని ఎక్కువగా విడిగానే తింటారు, స్పగెట్టీ పాస్తా మీద పెట్టడం అమెరికా వెళ్లిన ఇటాలియన్ల అలవాటు. పక్కన ఏదో ఒకటి కావాలంటే లేత సొరకాయని పీలర్‌తో పొడుగు పట్టీలుగా తీసి, చివర్లో సాస్‌లో 2 నిమిషాలు వేస్తే చాలు. మేక కొవ్వు చల్లారితే పేరుకుని నాలుకకి పట్టేస్తుంది, వేడిగానే వడ్డించాలి. మిగిలినవి సాస్‌తో పాటే ఫ్రిజ్‌లో రెండు రోజులుంటాయి. వేడిచేసేటప్పుడు నాలుగు చెంచాల నీళ్లు పోసి, మూతపెట్టి సన్నసెగ మీద ఉంచాలి.