బంతి మన దాకా రానప్పుడు: ఒక ఆత్మగౌరవ కోర్సుపై సమీక్ష

నలుగురిలో తనను పక్కన పెట్టినప్పుడు మనిషి ఎలా నడుచుకుంటాడు, అందులో అతని ఆత్మగౌరవం పాలెంత అన్న విషయంపై ఆన్‌లైన్‌లో ఆరు వారాల పాటు సాగే ఒక కోర్సును ఈ మధ్యే పూర్తి చేశాను. ఆత్మగౌరవం అనగానే మనకు ఎవరి ముందూ తల వంచకపోవడం గుర్తుకు వస్తుంది. ఈ కోర్సులో మాత్రం ఆ మాటను తన దృష్టిలో తనకున్న విలువ అన్న అర్థంలో వాడారు. ఆ సంగతి మొదటి పాఠంలోనే చెప్పకపోవడం వల్ల మూడో వారం దాకా చర్చల్లో ఒకరిది ఒక దారి, మరొకరిది మరో దారి అయింది.

కోర్సు మొత్తానికి ప్రాణం రెండో వారం. మనస్తత్వ శాస్త్రవేత్త కిప్లింగ్ విలియమ్స్ బృందం రూపొందించిన సైబర్‌బాల్ అనే ఆటను అప్పుడు మా చేత ఆడించారు. తెరపై బంతి విసురుకునే మూడు బొమ్మల్లో ఒకటి మనది. మొదట రెండు సార్లు బంతి నాకు వచ్చింది, ఆ తర్వాత మిగిలిన రెండు బొమ్మలే ఆడుకోసాగాయి. అవతల మనుషులెవరూ లేరని, ఆడుతున్నది కంప్యూటరేనని ముందే చెప్పినా, నేను మౌస్ మీద నుంచి వేలు తీయలేదు. ఆట ముగిశాక అభిప్రాయం రాయమంటే, "ఇలాంటి పిల్లలాటలతో ఏం తెలుస్తుంది?" అని విసురుగా రాసి, మరుక్షణం నా ఉక్రోషానికి నేనే సిగ్గుపడ్డాను. కంప్యూటరని తెలిసినా మనసు చివుక్కుమంటుందని 2004లో వెలువడిన ఒక అధ్యయనం చూపిందని ఆ తర్వాతి పాఠంలో వివరించారు. ఆ తొలి పోటు దాదాపు అందరికీ ఒకటేనని, ఆ తర్వాత దాన్ని ఎలా అర్థం చేసుకుంటామన్న దగ్గరే మనిషికీ మనిషికీ తేడా వస్తుందని విలియమ్స్ వాదన. తనను తాను తక్కువగా చూసుకునేవాడు లోపమంతా తనదేనని ముడుచుకుపోవచ్చు, తనపై తనకు మితిమీరిన గొప్ప ఉన్నవాడు కక్ష పెంచుకోవచ్చు. ఈ రెండో రకాన్ని కోర్సు ఒక్క నిమిషంలో దాటేసింది, అది నాకు నచ్చలేదు.

మరో మనస్తత్వ శాస్త్రవేత్త మార్క్ లియరీ 1995లో సహచరులతో కలిసి ప్రతిపాదించిన సిద్ధాంతాన్ని మాత్రం చక్కగా చెప్పారు. దాని ప్రకారం ఆత్మగౌరవం బండిలో ఇంధనాన్ని చూపే ముల్లు లాంటిది, నలుగురూ మనల్ని ఎంత కలుపుకుంటున్నారో అది చూపుతుంది. ఇంత చెప్పిన వాళ్లే ఐదో వారంలో రోజూ అద్దం ముందు నిలబడి తమను తాము పొగుడుకోమన్నారు. ఇంధనం పోయకుండా ముల్లును వేలితో జరపడం కాదా ఇది? ఆత్మగౌరవాన్ని కొలిచేందుకు సామాజిక శాస్త్రవేత్త రోజెన్‌బర్గ్ 1965లో తయారుచేసిన 10 వాక్యాల ప్రశ్నావళిని మొదట, చివర నింపించి, మార్కులు పెరిగితే అభినందన సందేశం పంపడం కూడా ఈ కోవలోదే.

నాలుగో వారం బృంద చర్చలో నిర్వాహకురాలు అందరినీ మాట్లాడించి నన్ను మరిచిపోయారు, నేను రెండు సార్లు చేయి ఎత్తినా చూడలేదు. పూర్వమైతే కెమెరా ఆపేసి, మళ్లీ ఆ వైపు వెళ్లేవాణ్ణి కాను. ఈసారి బాధ కలిగినా, జరిగింది జరిగినట్టు ఆమెకు ఉత్తరం రాశాను. నాలుగు రోజులకు, అందరికీ పంపే అచ్చు జవాబు వచ్చింది. ఉత్తరం రాయగలగడం కోర్సు చలవ, ఆ జవాబు దాని నిర్వహణ తీరు. అందుకే ఐదుకు మూడు నక్షత్రాలు ఇస్తున్నాను. చేరేవాళ్లు ఐదో వారాన్ని వదిలేసినా నష్టం లేదు.